వుజూ నీళ్లతో మిద్దెతోట, పాత చీరతో కొత్త బొంత

ఫజర్‌కు లేచి కుళాయి తిప్పుతాం. ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునేలోపు నీళ్లు మోరీలోకి పోతూనే ఉంటాయి. కాసేపటికి వంటింట్లో ఉల్లిపొట్టు, కొత్తిమీర కాడలు, టీ పిప్పి చెత్తబుట్టలో పడతాయి. బీరువా అడుగున చిరుగు పట్టిన చీరలు, పొట్టివైపోయిన పిల్లల కుర్తాలు మూటకట్టి ఉంటాయి. అదే రోజు సాయంత్రం బజారుకెళ్లి పుదీనా కట్ట, ఎరువు ప్యాకెట్, కూరగాయల సంచి, పసిపిల్లకు చిన్న దుప్పటి డబ్బులిచ్చి కొనుక్కొస్తాం.

కొన్న వాటిలో సగం ఇంట్లోంచి పారేసిన వాటితోనే తయారయ్యేవి. సాదా జీవితం గురించి మాట్లాడుకునేటప్పుడు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఖరీదైన కుండీలు, రంగురంగుల గార్డెనింగ్ కిట్లు, కొత్త కుట్టుమిషన్ కొని సాదాతనం మొదలుపెడితే అది ఇంకో ఖర్చు అవుతుందంతే. ఇంట్లోంచి బయటికి పోతున్న నీళ్లు, తొక్కలు, బట్టల దగ్గర మొదలుపెడితే మాత్రం నిలబడుతుంది.

ధర్మం ఏం చెబుతోంది

తినండి, తాగండి, దుబారా మాత్రం చేయకండి అన్న భావం దివ్యఖుర్‌ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో ఉంది. దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా బనీ ఇస్రాయీల్ సూరా 27వ ఆయతు హెచ్చరిస్తుంది. ఇస్రాఫ్ అంటే పెళ్లి విందుల్లో మిగిలిపోయే బిర్యానీ ఒక్కటే అనుకుంటాం. రోజూ కొంచెం కొంచెంగా పోయేది కూడా ఇస్రాఫే.

మొక్క నాటడం విషయానికొస్తే, ముస్లిం నాటిన మొక్క నుంచో, వేసిన పంట నుంచో పక్షి గానీ మనిషి గానీ పశువు గానీ తింటే అది నాటినవారికి సదఖాగా రాయబడుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ మాట ఉంది. కాబట్టి మిద్దె మీద టమాటాను చిలక కొరికిపోయినా అది నష్టం కాదు.

చేతిపనికీ మన దగ్గర గొప్ప స్థానం ఉంది. తన చేతి కష్టంతో తిన్న తిండికంటే మేలైన తిండి లేదని, దావూద్ ప్రవక్త (అలై) తన చేతి కష్టం మీదే తినేవారని బుఖారీ హదీసు చెబుతుంది. విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తన చేతులతో పనిచేసి, వచ్చినదాన్ని దానం చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్టు ముస్లిం గ్రంథంలో ఉంది. చేతిపని లేనివాళ్ల పని అనే చిన్నచూపు మనలో ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ధర్మం నుంచి మాత్రం రాలేదు.

ముందు ఒక వారం లెక్క

పని మొదలుపెట్టే ముందు వారం రోజులు ఓ కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి. ఒకటి, రోజూ చెత్తలోకి పోయే కూరగాయల తొక్క ఎంత. రెండు, పుదీనా, కొత్తిమీర, ఆకుకూరలకు వారంలో పెట్టిన డబ్బు ఎంత. మూడు, ఇంట్లోకి వచ్చిన ప్లాస్టిక్ సంచులు ఎన్ని. మీ ఇంటికి ఏది ముందు అవసరమో ఆ కాగితమే చెబుతుంది.

ఒక విషయం నిజాయితీగా అనుకోవాలి. మిద్దెతోటతో బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ, నూనె ఖర్చు తగ్గదు. నాలుగు డబ్బాలతో కూరగాయల ఖర్చంతా మిగిలిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తగ్గేది ఆకుకూరలు, పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి, కరివేపాకు ఖర్చు. మన వంటల్లో వీటి వాడకం ఎక్కువ కాబట్టి అదీ తక్కువేం కాదు. పైగా కోసిన పది నిమిషాలకే కూరలో పడే ఆకు రుచి వేరు.

వుజూ నీళ్ల లెక్క

ప్రవక్త (స) ఒక ముద్‌ నీళ్లతో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ముద్‌ అంటే సుమారు ముప్పావు లీటరు లోపే. మనం కుళాయి ధారగా వదిలి వుజూ చేస్తే మూడు లీటర్లు సులువుగా దాటుతుంది. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు ఐదుసార్లు, సారికి మూడు లీటర్లు అనుకున్నా రోజుకు 60 లీటర్లు మోరీ పాలు.

ఇరవై లీటర్ల డబ్బాలో పెరిగే మొక్కకు ఎండాకాలంలో రోజుకు ఒకటి నుంచి రెండు లీటర్లు చాలు. పదిహేను డబ్బాల తోటకు 15 నుంచి 30 లీటర్లు. అంటే వుజూలో పొదుపు పాటించి, వాడే నీళ్లను సగానికి తగ్గించుకున్నా తోటకు సరిపోతాయి. వుజూ నీళ్లలో సబ్బు ఉండదు కాబట్టి మొక్కలకు హాని లేదు. ఈ నీళ్లు మురికిలో కలవడం ఇష్టంలేని పెద్దవాళ్లు చాలా ఇళ్లల్లో ఉంటారు. వాళ్లకూ ఇది తృప్తినిస్తుంది.

పద్ధతి సులువు. వుజూ చేసే చోట వెడల్పాటి టబ్బు, దాని మీద చిల్లుల పీట పెట్టాలి. చెంబుతో వుజూ చేస్తే నీళ్లు ఇంకా తగ్గుతాయి. టబ్బులో చేరిన నీళ్లు అదే రోజు మగ్రిబ్‌లోపు మొక్కలకు పోసేయాలి. నిలవ ఉంచితే దోమలు గుడ్లు పెడతాయి. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు కూడా పోయొచ్చు. మాంసం కడిగిన నీళ్లు, సబ్బు నీళ్లు, ఉప్పు కలిసిన నీళ్లు వద్దు. మాంసం నీళ్లకు చీమలు, ఈగలు, ఎలుకలు చేరతాయి.

డబ్బాలు, మట్టి, మిద్దె బరువు

తెలుగునాట మిద్దెతోట అనే మాటను ఇంటింటికీ చేర్చినవారిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఒకరు. హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద పెంచిన తోట అనుభవాన్ని ఆయన రాశారు, చాలామందికి నేర్పారు. అంత పెద్ద తోట అందరికీ కుదరదు. బాల్కనీలో ఐదు డబ్బాలైనా తోటే.

పాత బకెట్లు, నూనె డబ్బాలు, బియ్యం సంచులు, బాగా కడిగిన పెయింట్ డబ్బాలు పనికొస్తాయి. పురుగుమందులు, యాసిడ్లు నింపిన డబ్బాలు ఎంత కడిగినా వాడొద్దు. అడుగున నాలుగైదు చిల్లులు పెట్టాలి. ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు చాలు, వెడల్పు ఎక్కువుండాలి. టమాట, వంగ, మిర్చికి అడుగు లోతు కావాలి. సొర, బీర లాంటి తీగలకు ఇంకా పెద్ద డబ్బా ఉండాలి.

మట్టి మిశ్రమం సమపాళ్లలో కలుపుకోవాలి: ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా ఇంటి కంపోస్టు, ఒక పాలు కొబ్బరిపొట్టు. దీనికి పిడికెడు వేపపిండి కలిపితే వేరుపురుగులు తగ్గుతాయి. పచ్చి పేడ మాత్రం వేయొద్దు, వేడికి వేర్లు మాడిపోతాయి.

బరువు సంగతి మరిచిపోకండి. ఇరవై లీటర్ల డబ్బాలో ఒట్టి మట్టి నింపి తడిపితే 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. అందుకే కొబ్బరిపొట్టు కలపడం. డబ్బాలను స్లాబు మధ్యలో గుట్టగా కాకుండా గోడలు, దూలాలు ఉన్న వైపు వరుసగా పెట్టాలి. కింద రెండేసి ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు, స్లాబు చెమ్మెక్కదు. పాత ఇల్లయితే, స్లాబు పెచ్చులూడుతుంటే ముందు మేస్త్రీకి చూపించండి. అద్దె ఇల్లయితే ఇంటివారిని ఒకమాట అడిగి మొదలుపెట్టడం మర్యాద.

ఎండ కూడా చూసుకోవాలి. ఆకుకూరలకు రోజుకు మూడు, నాలుగు గంటల ఎండ చాలు. కాయలు కాసేవాటికి ఆరు గంటలు తగలాలి. ఎండ రాని బాల్కనీలో టమాట వేసి కాయలేదని బాధపడకుండా పుదీనా వేసుకోండి.

వంటింటి తొక్కలతో ఎరువు

రెండు బకెట్లు తీసుకోండి. చుట్టూ, అడుగున చిన్న చిల్లులు పెట్టండి. మొదట నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు, ఆపైన రోజూ వచ్చే తొక్కలు, దాని మీద మళ్లీ ఎండుటాకులు. తొక్క ఒక గిన్నెడు అయితే ఎండుటాకులు రెండు గిన్నెలు. మొదట్లో ఓ పిడికెడు పాత ఎరువు గానీ పుల్లటి మజ్జిగ గానీ చల్లితే పని త్వరగా మొదలవుతుంది. నాలుగైదు రోజులకోసారి కర్రతో కలియబెట్టి మూత పెట్టండి. ఒక బకెట్ నిండాక దాన్ని వదిలేసి రెండోది మొదలుపెట్టాలి. రెండు, మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది.

కంపు కొడితే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు వేయండి. ఎన్నాళ్లకూ చివకకపోతే ఎండిపోయిందని అర్థం, కాసిన్ని నీళ్లు చిలకరించండి. టీ పిప్పిలో చక్కెర పోయేలా కడిగి వేయాలి. గుడ్డు పెంకులు ఎండబెట్టి పొడి చేసి వేయాలి. వండిన అన్నం, సాలన్, ఎముకలు, మాంసం ముక్కలు, నూనె వేయకూడదు. బక్రీద్ రోజుల్లో వచ్చే ఖుర్బానీ వ్యర్థాలను ఈ బకెట్లో వేయడానికి వీల్లేదు. వాటిని మున్సిపాలిటీ బండికే అప్పగించాలి.

మన దస్తర్‌ఖాన్‌ను బట్టి ఏం వేసుకోవాలి

పుస్తకంలో ఉందని కాకుండా ఇంట్లో తినేదే వేయాలి. మొదటి ఏడాదికి ఇవి చాలు.

పుదీనా: విత్తనం కొనక్కర్లేదు. బజారు కట్టలో ముదురు కాడలు నాలుగు తీసి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేర్లొస్తాయి. వెడల్పాటి డబ్బాలో నాటి, కొంచెం నీడ పట్టున ఉంచాలి. దీని వేర్లు పాకిపోతాయి కాబట్టి వేరే మొక్కలతో కలపొద్దు.

కొత్తిమీర: వంటింటి ధనియాలే విత్తనాలు. అప్పడాల కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లాలి. మొలక రావడానికి పది రోజులైనా పట్టొచ్చు. 40 రోజులకు కోతకొస్తుంది. ఎండాకాలంలో త్వరగా పూతకొచ్చేస్తుంది. చలికాలమే దీని కాలం.

మెంతికూర: డబ్బాలో మెంతులు చల్లితే మూడు, నాలుగు రోజుల్లో మొలక, 25 నుంచి 30 రోజుల్లో కూర. పిల్లలకు మొదట ఇదే ఇవ్వండి, వెంటనే ఫలితం కనిపిస్తుంది.

గోంగూర: మన ఇళ్లల్లో అంబాడా. ఎండకు తట్టుకుంటుంది. నెల దాటాక చివర్లు తుంచుకుంటే పక్కకొమ్మలు వేస్తూ రెండు, మూడు నెలలు ఆకు ఇస్తుంది. అంబాడా గోష్త్‌కు ఇంకేం కావాలి.

తోటకూర, పాలకూర, చుక్కకూర: 25 నుంచి 40 రోజుల పంటలు. అన్నీ ఒకేసారి చల్లేయకుండా పదిరోజులకొక డబ్బా చొప్పున వేస్తే ఎప్పుడూ ఏదో ఒకటి కోతకుంటుంది.

టమాట, వంగ, పచ్చిమిర్చి: నారు పోసి నెలరోజులకు మార్చి నాటాలి. నాటిన రెండు నెలలకు కాయలు మొదలవుతాయి. టమాటకు కర్ర ఊతం కావాలి.

సొరకాయ: హైదరాబాదీ ఇళ్లల్లో కద్దూ అంటే ఇదే. దాల్చాలో, ఖీర్‌లో ఇది లేకుండా కుదరదు. ఒక దర్జీ ప్రవక్త (స)ను భోజనానికి పిలిచినప్పుడు ఆయన గిన్నెలో సొరకాయ ముక్కలు వెతుక్కుని తినడం చూశానని, అప్పటి నుంచి తనకూ అది ఇష్టమైందని హజ్రత్ అనస్ (రజి) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. తీగను పందిరికి పాకించాలి. పిందెలు పసుపు తిరిగి రాలిపోతుంటే తేనెటీగలు రావట్లేదని అనుమానించాలి. సొర పూలు సాయంత్రం విచ్చుతాయి. అప్పుడు మగపువ్వు కోసి, రెక్కలు తీసి, కింద బుల్లి కాయ ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దితే కాయ నిలబడుతుంది.

ఏ నెలలో ఏది

జూన్, జూలై: తొలకరి పడగానే సొర, బీర, కాకర, బెండ, గోంగూర, తోటకూర. దొండ కాడలు నాటడానికీ ఇదే అదను.

సెప్టెంబర్, అక్టోబర్: టమాట, వంగ, మిర్చి నారు. ఆ తర్వాత జనవరి దాకా మెంతి, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి.

ఫిబ్రవరి, మార్చి: బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర.

ఏప్రిల్, మే: కొత్తవి ఎక్కువ పెట్టుకోకుండా ఉన్నవాటిని కాపాడుకోవాలి. గ్రీన్ నెట్ గానీ పాత పల్చటి చీర గానీ పైన కట్టండి. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తేమ ఆరిపోదు. నీళ్లు పొద్దున్నే లేదా అసర్ తర్వాత పోయాలి.

రంజాన్‌లో పుదీనా, కొత్తిమీర ధరలు ఎలా ఎగురుతాయో అందరికీ తెలుసు. రజబ్ మూడోవారంలో ధనియాలు చల్లితే రోజాలు మొదలయ్యేసరికి కోతకొస్తుంది. షబే బరాత్ నాటికి మెంతులు చల్లితే రంజాన్ రెండోవారంలో కూర. ఈ కొన్నేళ్లుగా రంజాన్ చలికాలం వైపు జరుగుతోంది కాబట్టి కొత్తిమీరకు వాతావరణం కూడా అనుకూలిస్తుంది.

పురుగులు, దోమలు

ఆకుల అడుగున నల్లగా గుంపులు కట్టే పేనుబంక, తెల్ల దూదిలా పట్టే పిండినల్లి ఎక్కువగా వస్తాయి. కొద్దిగా ఉంటే నీళ్ల ధారతో కడిగేయండి. బాగా పట్టిన కొమ్మను కత్తిరించి దూరంగా పారేయండి. లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు బాగా గిలకొట్టి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. వారానికోసారి, రెండు మూడుసార్లు చేస్తే తగ్గుతుంది. ఆకు తినేముందు బాగా కడగాలి.

డబ్బాల కింద పెట్టే పళ్లేల్లో నీళ్లు నిలవనివ్వొద్దు. దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికోసారి, జుమా రోజు అనుకోండి, ప్రతి పళ్లెం బోర్లించి ఆరబెట్టే అలవాటు చేసుకోండి. డెంగీ తెచ్చిపెట్టే తోట ఎవరికీ వద్దు.

బీరువాలోని మూట విప్పుదాం

ఇక చేతిపని. కొత్త బట్ట కొని చేసే అలంకరణ సంగతి తర్వాత. ముందు ఇంట్లో ఉన్న పాత బట్టను మూడు కుప్పలు చేయండి. ఇంకొకరు గౌరవంగా వేసుకోగలిగినవి ఇచ్చేయాలి. చినిగినా నూలుబట్ట మెత్తగా ఉన్నవి బొంతకు. మందంగా, గట్టిగా ఉన్నవి సంచులకు. బొత్తాలు, జిప్పులు, లేసులు ఊడదీసి ఓ డబ్బాలో వేసుకోండి.

సంచి: దేశమంతటా 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లకంటే పల్చటి ప్లాస్టిక్ సంచులపై నిషేధం ఉంది. అయినా కూరగాయల బండి దగ్గర అవే కనిపిస్తున్నాయి, ఎందుకంటే మనం ఒట్టి చేతులతో వెళ్తున్నాం. పాత బెడ్‌షీట్ నుంచి 45 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు ముక్క కోసి, సగానికి మడిచి రెండు పక్కలు కుట్టాలి. పైఅంచు రెండు వేళ్ల మందాన మడిచి కుట్టి, 60 సెంటీమీటర్ల పట్టీలు రెండు వేస్తే సంచి తయారు. బరువుకు ఊడిపోయేది పట్టీల దగ్గరే, అక్కడ చతురస్రంగా రెండుసార్లు కుట్టండి. మిషన్ లేకపోయినా చేతికుట్టుతో అవుతుంది. ఒకటి బండి డిక్కీలో, ఒకటి తలుపు వెనక మేకుకు ఉండాలి.

పసిపిల్లల బొంత: ఐదున్నర మీటర్ల పాత నూలు చీరను అడ్డంగా నాలుగు సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి దాదాపు 135 సెంటీమీటర్లు వస్తుంది. నాలుగూ ఒకదానిమీద ఒకటి ముడతల్లేకుండా పరవాలి. ముందు పెద్ద పెద్ద కచ్చాకుట్లతో పట్టేయాలి. తర్వాత మధ్యలోంచి అంచులవైపు, వేలెడంత దూరంలో వరుసలుగా మందపు నూలుదారంతో కుట్టుకుంటూ పోవాలి. అంచుల దగ్గర మొదలుపెడితే మధ్యలో బట్ట ఉబ్బిపోతుంది. చివర్లో అంచులు మడిచి కుట్టి, కచ్చాకుట్లు విప్పేయాలి. నాలుగు పొరలంటే చలికాలంలో పసిపిల్లకు వెచ్చగా, వేసవిలో కింద పరవడానికి మెత్తగా ఉంటుంది. నానమ్మ కట్టిన చీర మనవరాలి బొంతగా మారితే ఆ ఇంట్లో దాన్ని ఎవరూ పారేయరు.

జుజ్దాన్, జానమాజు: మిగిలిన మంచి పట్టుముక్కతో ఖుర్‌ఆన్‌కు జుజ్దాన్ కుట్టొచ్చు. బట్ట శుభ్రంగా ఉతికి, లోపల మెత్తటి నూలు అస్తరు వేయాలి. గ్రంథం కొలతకు అన్నివైపులా రెండు వేళ్లు ఎక్కువ ఉంచుకుంటే తీసి పెట్టేటప్పుడు మూలలు నలగవు. జానమాజుకు సాదా రంగుల బట్టే మేలు. పూలు, గళ్లు ఉన్న వస్త్రం నమాజులో ధ్యాసను లాగిందని ప్రవక్త (స) దాన్ని తీసేసి సాదాది తెమ్మన్న సంఘటన బుఖారీలో ఉంది.

గోరింటాకు: పెద్ద డబ్బాలోనో పెరట్లోనో ఒక కొమ్మ నాటితే ఏడాదికల్లా చాంద్‌రాత్‌కు సరిపడా ఆకు వస్తుంది. ఆకు నీడన ఆరబెట్టి పొడి చేసి, నిమ్మరసం, టీ డికాషన్‌తో కలిపి కొన్ని గంటలు నాననివ్వాలి. బజారులో నల్లటి మెహందీ పేరుతో దొరికే కోన్‌లలో పీపీడీ అనే రంగు రసాయనం ఉండొచ్చు. దానికి చర్మం బొబ్బలెక్కిన పిల్లలున్నారు. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది, గంటలో నల్లబడదు.

చేతిపని విలువ

మనకు ఇవి తీరిక పనులు కావచ్చు, చాలా ఇళ్లకు ఇవే బతుకుతెరువు. హైదరాబాద్ పాతబస్తీలో ఎందరో ఆడవాళ్లు ఇంట్లోనే కూర్చుని కార్చోబ్ మగ్గం మీద జర్దోసీ పని, లక్క గాజులకు రాళ్లు అతికే పని పీసు లెక్కన చేస్తారు. గోదావరి జిల్లాల్లో నరసాపురం చుట్టుపక్కల క్రోషే లేసు అల్లేవాళ్లదీ అదే పద్ధతి. మధ్యవర్తులు దాటి వాళ్ల చేతికొచ్చేది తక్కువ. కళ్లు, నడుము పోగొట్టుకుని చేసే పని అది.

ఒక బొంత మీ చేత్తో కుట్టి చూస్తే ఆ కష్టం విలువ తెలుస్తుంది. అప్పుడు చేత్తో చేసినదాని దగ్గర బేరమాడటానికి నోరు రాదు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) బోధ ఇబ్నె మాజా గ్రంథంలో ఉంది. కుట్టుపని ఇచ్చి పండగ దాటాక డబ్బులిస్తామనడం ఆ బోధకు తగదు.

మీరే అమ్మాలనుకుంటే ధర కట్టేటప్పుడు బట్ట, దారం ఖర్చుతోపాటు పట్టిన గంటల కూలి కూడా కలపండి. ఇంట్లో ఖాళీగా ఉండి చేసిందే కదా అని దాన్ని వదిలేస్తే, ఆ పని మీద బతికే ఇంకో చెల్లెలి ధర కూడా పడిపోతుంది. అచార్లు, తినుబండారాలు అమ్మాలంటే ఆహార భద్రత శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి.

ఈ పని ఎవరిది?

సాదా జీవితం పేరుతో ఇంటి ఆడవాళ్ల నెత్తిన మరో పని పెట్టే ప్రమాదం ఒకటుంది. వంట, పిల్లలు, పెద్దవాళ్ల సేవ, ఆపై తోట, ఆపై కుట్టు. మగవాళ్లు ఆదివారం ఫోటో తీసి స్టేటస్ పెట్టుకోవడంతో సరి. అలాగైతే తోట రెండు నెలల్లో ఎండిపోతుంది, ఇంట్లో విసుగు మిగులుతుంది.

ఇంట్లో ప్రవక్త (స) ఏం చేసేవారని అడిగితే, ఇంటివారికి పనిలో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని, బట్టలు తానే కుట్టుకునేవారని కూడా హదీసుల్లో ఉంది. కాబట్టి వాటాలు వేసుకోండి. మట్టి మోయడం, డబ్బాలు జరపడం, పందిరి కట్టడం అబ్బాజాన్, పెద్ద పిల్లల వంతు. వుజూ టబ్బు పైకి చేర్చడం వంతులవారీగా. విత్తనాలు చల్లడం, ఆకు కోయడం చిన్నపిల్లలది. ఊడిన బొత్తాం ఎవరిది వాళ్లే కుట్టుకోవాలి, మగపిల్లలు కూడా. బొంత కుట్టడం దాదీమా, నానీమా దగ్గర నేర్చుకోవాలి. వాళ్లకది కాలక్షేపం, మనకు విద్య.

కోత రోజు

పంట కోసిన రోజే దాని హక్కు ఇచ్చేయమని, దుబారా చేయొద్దని అల్ అన్‌ఆమ్ సూరా 141వ ఆయతు చెబుతుంది. డబ్బాల తోటకు పొలం లెక్కలు వర్తించకపోవచ్చు గానీ, ఆ స్ఫూర్తి వర్తిస్తుంది. పులుసు వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంచమని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కి చెప్పారు. మొదటి గోంగూర కట్ట పక్కింటికి పంపండి, వాళ్లు ఏ మతంవారైనా. ఇచ్చిన గిన్నె ఖాళీగా రాదన్నది మన ఊళ్ల అనుభవం. వాళ్ల పెరటి కరివేపాకో, మునక్కాడలో తిరిగొస్తాయి. మాటలు తగ్గిపోయిన వాకిళ్ల మధ్య రాకపోకలు మొదలవుతాయి.

మొక్కల్లో ఒకదాన్ని కోయకుండా విత్తనానికి వదిలేయండి. గోంగూర, తోటకూర, బెండ విత్తనాలు ఎండబెట్టి, బూడిద కలిపి గాజుసీసాలో దాచితే వచ్చే ఏడాదికి విత్తనం ఖర్చు ఉండదు. పక్కవారికి ఇవ్వడానికీ మిగులుతాయి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఈ వారం వుజూ దగ్గర టబ్బు, నాలుగు పుదీనా కాడలు, ఒక పాత చీర. అంతే. అవి నిలబడ్డాక ఇంకో డబ్బా. అల్లాహ్ మన ఇళ్లల్లో బర్కత్ ప్రసాదించుగాక, దుబారా నుంచి మనల్ని కాపాడుగాక. ఆమీన్.